వంద ఇళ్లకు సరుకుల కిట్లు పంచాలంటే: ముందు లిస్టు రాయండి, తర్వాతే బియ్యం కొనండి

పండక్కో, పోయిన పెద్దవాళ్ల పేరు మీదో, వరదలప్పుడో నలుగురం కలిసి డబ్బులు పోగేస్తాం. లక్ష దాటగానే గ్రూపులో మొదట వచ్చే ప్రశ్న "బియ్యం ఎక్కడ చవగ్గా దొరుకుతాయి?" అని. 2020 లాక్‌డౌన్‌లో నేనూ అక్కడి నుంచే మొదలుపెట్టాను. విజయవాడలో మా కాలనీ వెనక కట్ట మీదున్న ఇళ్లకి నూట ఇరవై కిట్లు వేసుకెళ్లాం. గంటలో అయిపోయాయి, ఫోటోలు బాగా వచ్చాయి, అందరూ మెచ్చుకున్నారు. మర్నాడు తెలిసింది, కట్ట చివర రేకుల షెడ్లలో ఉంటున్న తాపీ పనివాళ్లు పదకొండు కుటుంబాలకి ఒక్క సంచి కూడా చేరలేదని, ముందు వరసలో కొన్ని ఇళ్లకి మాత్రం రెండేసి వెళ్లాయని. ఆ పదకొండు కుటుంబాలకీ అప్పటికి మూడు వారాలుగా పని లేదు.

సరుకు కొనడం పెద్ద పని కాదు, డబ్బుంటే ఒక్క పూటలో అయిపోతుంది. ఎవరికి ఇవ్వాలో తెలుసుకోవడమే అసలు పని, దానికి కనీసం వారం పెట్టుకోండి.

లిస్టు ఎలా రాయాలి

బస్తీలో అడుగుపెట్టగానే ఎవరో ఒకరు ఎదురొచ్చి "లిస్టు నా దగ్గరుంది, నేనిస్తా" అంటారు. వాళ్లతో గొడవ పెట్టుకోవద్దు, ఆ లిస్టు తీసుకోండి, కానీ దాన్నే నమ్ముకోవద్దు. నా అనుభవంలో నికరమైన సమాచారం ఇచ్చేది ముగ్గురే: ఆశా వర్కర్, అంగన్‌వాడీ టీచర్, పొదుపు సంఘాల్ని చూసుకునే ఆర్పీ. ఏ ఇంట్లో బాలింత ఉందో, ఎవరికి డయాలసిస్ నడుస్తోందో, ఎవరి భర్త ఇల్లొదిలి వెళ్లిపోయాడో వాళ్లకి తెలుసు. నాలుగో మనిషి వీధి చివర కిరాణా కొట్టాయన. ఆయన ఖాతా పుస్తకం చూపించమని అడక్కండి, అది ఆయనకీ ఆ ఇళ్లకీ మధ్య విషయం. "లీటరు నూనె తీసుకెళ్లేవాళ్లలో ఈ మధ్య పది రూపాయల ప్యాకెట్‌కి వచ్చినవాళ్లెవరు?" అని అడిగితే చాలు, ఆయన క్షణం ఆలోచించి నాలుగైదు ఇళ్లు చెప్తాడు. ఇబ్బంది ఉన్నా నోరు తెరిచి అడగని ఇళ్లు అవి.

ఆ తర్వాత మీరే ఇంటింటికీ తిరగాలి. పగలు వెళ్తే తాళాలు కనపడతాయి, వాళ్లంతా పన్లో ఉంటారు. సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర మధ్య వెళ్లండి, ఇద్దరు వెళ్తే చాలు, అందులో ఒకరు ఆడవాళ్లైతే మంచిది. ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకుని ఇంటావిడ పేరు, ఎంతమంది తింటారు, అందులో చిన్నపిల్లలెంతమంది, రేషన్ కార్డుందా, ఉంటే ఏ ఊళ్లో ఉంది, గ్యాసా కట్టెల పొయ్యా, మంచాన పడ్డవాళ్లు ఎవరైనా ఉన్నారా అని రాసుకోండి. డోర్ నంబర్లుండవు కాబట్టి "వేపచెట్టు పక్క నీలం తలుపు", "బోరింగు ఎదురు రెండో షెడ్డు" అని గుర్తులు పెట్టుకోండి, పంచే రోజు అవే పనికొస్తాయి. ఆధార్ జిరాక్సులు మాత్రం అడక్కండి. మీకు వాటితో పనిలేదు, పైగా కాగితం అడగ్గానే సగం మంది భయపడతారు, మిగతా సగం మంది ఇదేదో ప్రభుత్వ పథకం అనుకుంటారు. "ఇది ఒక్కసారి ఇచ్చే సాయం, నెలనెలా రాదు, దీని వల్ల మీ కార్డుకీ పింఛనుకీ ఏమీ కాదు" అని ప్రతి ఇంట్లోనూ అదే మాట చెప్పండి.

లిస్టు పూర్తయ్యాక ఇంకోసారి తిరగండి. ఈ రెండో రౌండులోనే మొదటిసారి కనపడనివాళ్లు దొరుకుతారు. వెనక గదిలో అద్దెకుండేవాళ్లు, మూసేసిన షాపుల ముందు పడుకునే ఒంటరి మగవాళ్లు, ఊళ్లో ఎవరూ పలకరించని ట్రాన్స్‌జెండర్ ఇల్లు, అపార్ట్‌మెంటు కడుతున్న చోట సెల్లారులోనే కాపురమున్న కూలీలు. తెలంగాణ వైపైతే ఒడిశా నుంచి ఇటుక బట్టీలకి వచ్చే కుటుంబాలు ఏ కాలనీ లిస్టులోనూ ఉండవు, ఎందుకంటే వాళ్లుండేది బట్టీ దగ్గరే.

డబ్బు వందకే ఉండి లిస్టు నూట ముప్ఫైకి వస్తే? కిట్ తగ్గించి అందరికీ సర్దేద్దాం అని ఎవరో ఒకరు అంటారు. చిన్న బస్తీ అయితే నేనూ అదే చేస్తాను, ఎందుకంటే ఎనభై ఇళ్లున్న చోట అరవై ఇళ్లకిచ్చి వస్తే మిగతా ఇరవై ఇళ్లకీ వాళ్లకీ మధ్య మనం గొడవ పెట్టి వచ్చినట్టే. పెద్ద బస్తీ అయితే ఎవరికివ్వాలో పద్ధతి ముందే రాసి పెట్టుకుని (కార్డు లేనివాళ్లు, ఒంటరి ఆడవాళ్లు, సంపాదించే మనిషి మంచాన ఉన్న ఇల్లు) ఆ ఇళ్లకే, చడీచప్పుడు లేకుండా ఇంటికే చేర్చాలి. మధ్యలో ఎవరి సిఫార్సుకీ పద్ధతి మార్చొద్దు.

రేషన్ లెక్క తెలియకుండా బియ్యం కొనొద్దు

రెండోసారి పంచినప్పుడు ఒక పెద్దావిడ సంచి నా ముందే విప్పింది. పది కేజీల బియ్యం మూట తీసి పక్కన పెట్టి, కేజీ పప్పు ప్యాకెట్ చేత్తో తూచినట్టు పట్టుకుని, "బియ్యం కోటాలో వస్తన్నాయి బాబూ, అవి వేరేవాళ్లకియ్యి, ఇంకో పప్పు ప్యాకెట్టుంటే పెట్టు" అంది. మేం ఖర్చులో సగం బియ్యం మీదే పెట్టాం.

ఆవిడ చెప్పింది నిజం. 2013 ఆహార భద్రత చట్టం కింద కార్డున్న ఇంట్లో మనిషికి నెలకి 5 కేజీలు, మరీ పేద ఇళ్లకిచ్చే అంత్యోదయ కార్డుకి ఇంటికి 35 కేజీలు వస్తాయి. 2023 జనవరి నుంచి అవి పూర్తిగా ఉచితం. తెలంగాణలో 2025 ఉగాది నుంచి మనిషికి 6 కేజీల చొప్పున సన్నబియ్యం ఇస్తున్నారు. అంటే కార్డున్న నలుగురి ఇంట్లో నెలకి 20 కేజీలో 24 కేజీలో బియ్యం ఉంటాయి. ఆ ఇంట్లో లేనిది పప్పు, నూనె, చింతపండు, కూరగాయలు. కార్డు లేని ఇంటికీ, కార్డు వేరే ఊళ్లో ఉండి ఇక్కడ తీసుకోవచ్చని తెలియని ఇంటికీ మాత్రం బియ్యమే ముందు.

అందుకే రెండు రకాల కిట్లు చేయండి. నోట్‌బుక్‌లో కార్డు గురించి రాసుకున్నది ఇందుకే.

కిట్‌లో ఏముండాలి

మామూలుగా అందరూ చేసే కిట్‌లో కేజీ కందిపప్పు, లీటరు నూనె ఉంటాయి. చూడ్డానికి నిండుగా ఉంటుంది గానీ లెక్కేస్తే తెలుస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2000 కేలరీల భోజనానికి రోజుకి 85 గ్రాముల పప్పుధాన్యాలు, 27 గ్రాముల నూనె చెప్పింది. నలుగురికైతే రోజుకి 340 గ్రాముల పప్పు. అంటే మనమిచ్చిన కేజీ మూడో రోజుకి అయిపోతుంది. ఇంట్లో పిల్లలుంటే ఇంకో రోజు లాగుతారు, అంతే.

అందుకని కార్డున్న నలుగురి ఇంటికి, రెండు వారాలకి, నేనిప్పుడు పెట్టేది ఇది: కందిపప్పు 3 కేజీలు, పెసరపప్పు కేజీ, శనగలు కేజీ, నూనె 2 లీటర్లు, పల్లీలు కేజీ, చింతపండు అరకేజీ, అయోడైజ్డ్ ఉప్పు కేజీ, కారం పావుకేజీ, పసుపు వంద గ్రాములు, ఆవాలు, జీలకర్ర కొంచెం, ఉల్లిపాయలు 3 కేజీలు, బెల్లం అరకేజీ, ఒంటి సబ్బులు రెండు, బట్టల సబ్బు ఒకటి. ఆడపిల్లలున్న ఇంటికి ప్యాడ్స్ ఒక ప్యాకెట్ అడుగున పెట్టి, దాని గురించి ఏమీ మాట్లాడొద్దు. కార్డు లేని ఇంటికి పది పదిహేను కేజీల బియ్యం చేర్చి, శనగలు, పల్లీలు, బెల్లం తగ్గిస్తాను, ఖర్చు దాదాపు సమానంగా వచ్చేలా. రెండు రకాలకీ ఖర్చు తేడా ఎక్కువుంటే పక్కింటివాళ్లు పోల్చుకుంటారు, బాధపడతారు.

ఉత్తరాది నుంచి వచ్చిన కూలీలుంటే అడిగి మార్చండి. బీహార్ కుర్రాళ్లకి చింతపండు ఇస్తే ఏం చేసుకోవాలో తెలియదు, గోధుమపిండి, బంగాళదుంపలు, ఆవనూనె ఇస్తే ఆ రాత్రే వండుకుంటారు. షుగర్ ఉన్న పెద్దవాళ్లింట్లో బెల్లం తీసేసి శనగలు పెంచండి. ఇవన్నీ వంద కిట్లలో పది పన్నెండుకి మించవు, విడిగా కట్టడం కష్టమేం కాదు.

వరదప్పుడు మాత్రం ఈ కిట్లు మొదటి రోజుల్లో పనికిరావు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగినప్పుడు డాబాల మీద ఉన్నవాళ్లకి కావాల్సింది మంచినీళ్లు, పాలు, పులిహోర పొట్లాలు, బిస్కెట్లు, కొవ్వొత్తులు. నడుం లోతు నీళ్లలో పప్పు ఉడికించేదెక్కడ? సరుకుల కిట్ అవసరమయ్యేది నీళ్లు దిగాక. ఇంట్లో ఉన్న బియ్యం, పప్పు, మసాలా డబ్బాలు మొత్తం బురదపాలయ్యాక అగ్గిపెట్టె దగ్గర నుంచి అన్నీ కొనుక్కోవాలి. అప్పటికి పంచేవాళ్లు తగ్గిపోతారు, కాబట్టి మీ డబ్బులో సగం ఆ వారానికి దాచుకోండి.

కొనేటప్పుడు

హోల్‌సేల్‌లోనే కొనండి. విజయవాడైతే వన్‌టౌన్ లేదా గొల్లపూడి కాంప్లెక్స్, హైదరాబాద్ అయితే బేగంబజార్. మూడు కొట్లలో రేటు రాయించుకోండి. సాయానికి అని చెప్తే చాలామంది తగ్గిస్తారు, కొంతమంది రవాణా వాళ్లే చూసుకుంటారు. మొత్తం మీద ఒక్కో కిట్ వెయ్యి నుంచి పదిహేను వందల మధ్య పడేలా లెక్క వేసుకుని, రేటు ఖాయం చేసుకున్నాకే చందాలిచ్చినవాళ్లకి కిట్ల సంఖ్య చెప్పండి.

బియ్యం బస్తా 26 కేజీలు ఎందుకుందని మొదటిసారి కొనేవాళ్లు అడుగుతారు. 2022 జులై 18 నుంచి 25 కేజీల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడింది, అందుకని మిల్లుల వాళ్లు 26 కేజీల బస్తాలు తెచ్చారు. మీరు పదేసి కేజీలు కట్టాలనుకుంటే బస్తాకి రెండు మూటలొచ్చి ఆరు కేజీలు మిగులుతాయి, ఆ లెక్క ముందే వేసుకోండి. లేదా పదమూడు కేజీల చొప్పున కట్టేయండి, బస్తాకి సరిగ్గా రెండు.

బజారు రేటు కంటే బాగా తక్కువకి బియ్యం ఇస్తానని ఎవరైనా వస్తే వద్దనండి. అవి చాలాసార్లు పాలిష్ పట్టించిన రేషన్ బియ్యం. పట్టుబడితే నిత్యావసర సరుకుల చట్టం కింద 6ఏ కేసు, సరుకు సీజ్, పైగా పేదవాళ్లకి వెళ్లాల్సిన బియ్యాన్నే మళ్లీ పేదవాళ్లకి మనం కొనిచ్చినట్టు. బిల్లు లేకుండా ఏదీ కొనొద్దు. విడి కందిపప్పులో కేసరి పప్పు కలిసే ప్రమాదం ఉంది కాబట్టి ప్యాకెట్ పప్పే తీసుకోండి, కారం పసుపు కూడా అంతే. ప్యాకెట్ మీద 14 అంకెల ఆహార లైసెన్స్ నంబరు, తేదీ చూడండి. ప్రతి పెట్టెలో ఒక్క ప్యాకెట్ అయినా తీసి చూడాలి. ఒకసారి మాకొచ్చిన నూనె పెట్టెల్లో అడుగు వరసంతా తేదీ దాటినవే ఉన్నాయి. అడిగితే కొట్టు వాళ్లు మార్చిచ్చారు, కానీ చూసుకోకపోతే అవి పిల్లల కడుపులోకి వెళ్లేవి.

లిస్టు కంటే ఐదారు కిట్లు ఎక్కువే కట్టించండి.

ప్యాకింగ్

కమ్యూనిటీ హాలో, ఎవరిదైనా కారు షెడ్డో చూసుకోండి, నేల మీద పట్టా పరవండి. బల్లలు వరసగా వేసి ఒక్కో మనిషి ఒక్కో సరుకు వేస్తూ సంచి ముందుకి జరపాలి. చివర నిలబడే మనిషిని మాత్రం జాగ్రత్తగా ఎంచుకోండి, ఆ మనిషి పని కాంటా మీద సంచి బరువు చూడటమే. ఒక రకం కిట్లన్నీ ఒకే బరువుండాలి కదా, అరకేజీ తగ్గితే ఏదో మర్చిపోయినట్టే, విప్పి చూడాలి. ఈ ఒక్క పద్ధతి మాకు చాలా తగాదాలు తప్పించింది. నూనె ప్యాకెట్లు వేరే కవర్లో వేసి ముడేసి పెట్టండి, ఒక్కటి చిరిగితే కిట్ మొత్తం పాడవుతుంది. ఉల్లిపాయలు పంచే రోజు పొద్దున్నే వేయాలి.

బరువు పదిహేను కేజీలు దాటితే రెండు సంచులు చేయండి. డెబ్బై ఏళ్ల మనిషి ఇరవై కేజీల సంచి భుజానికెత్తుకుని కట్ట ఎక్కడం నేను చూశాను, మధ్యలో రెండుసార్లు దించి, ఊపిరి తీసుకుని, మళ్లీ ఎత్తుకుంది. నేను పరిగెత్తేసరికి ఇంటి దగ్గరికి వెళ్లిపోయింది.

సంచి మీద మీ ఫోటో, మీ సంఘం పేరు వేయించొద్దు. ఆ సంచి పట్టుకుని వాళ్లు వీధిలో నడవాలి, తర్వాత ఏడాదంతా అదే సంచితో రేషన్ షాపుకెళ్తారు. మామూలు గుడ్డ సంచి చాలు.

పంచే రోజు

2023 జనవరి 1న గుంటూరులో కానుకల పంపిణీ దగ్గర తొక్కిసలాట జరిగి ముగ్గురు ఆడవాళ్లు చనిపోయారు. మైకు పెట్టి "రండి, తీసుకోండి" అని ఎప్పుడూ పిలవొద్దు. వంద కిట్లున్న చోటికి మూడొందల మంది వస్తే ఏ వాలంటీరూ ఆపలేడు.

ఇంటింటికీ ఇవ్వగలిగితే అదే మంచిది. ఆటో ట్రాలీ సందు మొదట్లో ఆపి, నోట్‌బుక్‌లో గుర్తులు చూసుకుంటూ ముగ్గురు ముగ్గురుగా వెళ్తే వంద ఇళ్లు మూడు గంటల్లో అవుతాయి. చీకటి పడ్డాక చేస్తే ఇంకా మంచిది, మనుషులు ఇంట్లో ఉంటారు, ఎవరికి వెళ్తోందో వీధంతా చూడదు.

బండి వెళ్లని చోట, ఒకే చోట ఇవ్వక తప్పకపోతే టోకెన్లు పెట్టండి. ముందు రోజు సాయంత్రం ఇంటికెళ్లి ఇంటావిడ చేతికే ఇవ్వాలి. టోకెన్ మీద నంబరు, టైము రాయండి: 1 నుంచి 15 వరకు నాలుగున్నరకి, 16 నుంచి 30 వరకు ఐదింటికి, అలా. నీడ ఉండాలి, కూర్చోవడానికి కుర్చీలుండాలి, మంచినీళ్లుండాలి. లోపలికి వచ్చే దారి, బయటికి వెళ్లే దారి వేరుగా ఉండాలి. గర్భిణులకి, కర్ర పట్టుకుని నడిచేవాళ్లకి టోకెన్ ఇవ్వకుండా ఇంటికే పంపండి. ముందురోజే దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో ఒక కాగితం ఇచ్చి రండి. ఎన్నికల కోడ్ నడుస్తుంటే అధికారుల అనుమతి లేకుండా అసలు పెట్టుకోవద్దు, బండి ఆపి సరుకు సీజ్ చేస్తారు.

ఇచ్చేటప్పుడు పేరు పెట్టి పిలవండి. "అక్కా", "పెద్దమ్మా", "బాబాయ్" అనండి. నాయకుడెవరో వచ్చి చేతుల మీదుగా ఇచ్చేదాకా జనాన్ని ఎండలో కూర్చోబెట్టొద్దు. లిస్టులో లేనివాళ్లు వచ్చి అడిగితే కసురుకోవద్దు, పేరు రాసుకోండి, సాయంత్రం వాళ్లింటికెళ్లి చూడండి, నిజంగా అవసరమైతే ఆ ఎక్కువ కట్టిన కిట్లు అందుకే.

ఫోటోల గురించి నాది మొండి పట్టుదల. సంచి పట్టుకున్న మనిషి మొహం ఫోటో తీయొద్దు. వాళ్ల పిల్లలు అదే ఊళ్లో స్కూలుకి వెళ్తున్నారు, వాళ్ల క్లాసులో ఎవరి ఫోన్‌లోకైనా ఆ ఫోటో వెళ్తుంది. డబ్బిచ్చినవాళ్లకి ఆధారం కావాలి, అది న్యాయమే. బిల్లులు, ప్యాకింగ్ ఫోటోలు, కాంటా ఫోటో, వరసగా పేర్చిన సంచులు, వచ్చింది ఎంత ఖర్చైంది ఎంత అని ఒక్క పేజీ లెక్క పంపండి. నేను ఇలా పంపడం మొదలుపెట్టాక ఒక్కరు కూడా మనుషుల ఫోటోలేవని అడగలేదు.

వారం తర్వాత మళ్లీ వెళ్లండి

ఈ పని దాదాపు ఎవరూ చేయరు. పది ఇళ్లకి వెళ్లి కూర్చుని ఏది ఉపయోగపడింది, ఏది మిగిలింది, ఏది బాగాలేదు అని అడగండి. శనగలు పిల్లలకి సాయంత్రం పూట బాగా పనికొచ్చాయని నాకు అలాగే తెలిసింది, ఒక బ్రాండ్ కారం అస్సలు ఘాటు లేదని కూడా.

ఆ రోజే నోట్‌బుక్ తీసి కార్డు లేని ఇళ్లన్నీ వేరే పేజీలో రాయండి. మీ కిట్ రెండు వారాలు వస్తుంది, కార్డుంటే నెలనెలా బియ్యం వస్తాయి. ఆంధ్రలో అయితే సచివాలయంలో, తెలంగాణలో అయితే మీసేవలో అప్లై చేయించండి, వాళ్లతో పాటు మీరే ఒకసారి వెళ్లండి, ఒక రోజు కూలి పోతుందని వెళ్లనివాళ్లే ఎక్కువ. కొత్తగా పెళ్లయి వేరుపడినవాళ్ల పేర్లు ఇంకా అత్తగారి కార్డులోనో పుట్టింటి కార్డులోనో ఉంటాయి, ముందు అక్కడ తీయించాలి. వేరే రాష్ట్రం కార్డున్నవాళ్లకి ఇక్కడి షాపులో కూడా వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చని చెప్పండి. డీలర్ ఇవ్వనంటే 1967కి ఫోన్ చేయొచ్చు.

కట్ట చివర రేకుల షెడ్లలో ఉన్న ఆ పదకొండు కుటుంబాల్లో నాలుగిళ్లకి శ్రీకాకుళం జిల్లా కార్డులున్నాయి. వాటితో విజయవాడలో బియ్యం తీసుకోవచ్చని అప్పటిదాకా వాళ్లకెవరూ చెప్పలేదు. మొదటి నెల నేనే వాళ్లతో షాపుకెళ్లాను. తాపీ పనితో అరిగిపోయిన వేళ్లు కావడంతో మెషీన్ ముద్ర తీసుకోలేదు, ఒక్కో వేలూ తుడిచి తుడిచి పెడుతుంటే ఐదో వేలుకి పచ్చ లైటు వెలిగింది.